పావురాన్ని కాపాడాలంటే డేగను చంపాలా? యుద్ధభూమి నుంచి సూరత్ మేడల దాకా ఒక పాత తగవు

జనవరి 14న సూరత్ నగరంలో జనమంతా మేడల మీదనే ఉంటారు. గుజరాతీయులకు అది ఉత్తరాయణ్. మరమగ్గాల పనికి దశాబ్దాల క్రితం కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చి లింబాయత్, ఉధనా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు అది సంక్రాంతి. పేరేదైనా పండుగ ఒక్కటే, ఆకాశమూ ఒక్కటే. ఆ ఆకాశం నిండా గాలిపటాలు.

అదే ఆకాశంలో పావురాలు తిరుగుతుంటాయి. వాటికి పైన గద్దలు, డేగలు కూడా తిరుగుతుంటాయి. మేడ మీద గూళ్లు కట్టి పావురాలను పెంచేవారికి ఆ రోజు రెండు భయాలు. ఒకటి గాజుపొడి పూసిన దారం. రెండవది డేగ. అయితే పెంపకందారుకు కోపం వచ్చేది ఎక్కువగా డేగ మీదనే. డేగ కంటికి కనిపిస్తుంది; దారం కనిపించదు. డేగ ఎత్తుకుపోయిన పావురం పేరు చెప్పి ఏడ్వవచ్చు. తిరిగిరాని పావురానికి ఏమైందో చాలాసార్లు ఎవరికీ తెలియదు.

ఈ కోపం సూరత్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. ఒకప్పుడు ఒక దేశ ప్రభుత్వం యుద్ధం పేరిట డేగల సంహారానికి ఉత్తర్వు జారీ చేసింది. ఆ చరిత్రను తెలుసుకుంటే, ఇంతకూ పావురానికి నిజమైన శత్రువు ఎవరన్న ప్రశ్నకు సమాధానం కొంత స్పష్టమవుతుంది.

శిబి కథలో డేగ వాదన

పావురానికీ డేగకూ మధ్య తగవు తీర్చిన వారిలో మనకు ముందుగా గుర్తుకు వచ్చేది శిబి చక్రవర్తి. తరుముకొస్తున్న డేగ నుంచి తప్పించుకున్న పావురం రాజు ఒడిలో వాలుతుంది. శరణు కోరినదాన్ని విడువనని రాజు అంటాడు. అప్పుడు డేగ తన వాదన వినిపిస్తుంది. తన ఆహారం అదేననీ, దాన్ని లాక్కుంటే తానూ తన పిల్లలూ ఆకలితో చస్తామనీ, ఒక ప్రాణాన్ని కాపాడి మరికొన్ని ప్రాణాలు తీయడం ఏ ధర్మమనీ నిలదీస్తుంది.

ఈ కథలో రాజు డేగను పాపి అనలేదు. దాని మీద విల్లు ఎక్కుపెట్టలేదు. దాని ఆకలి న్యాయమైనదని ఒప్పుకొని, పావురం ఎత్తు మాంసాన్ని తన శరీరం నుంచే కోసి ఇచ్చాడు.

ఈ కథ ఒక్క మతానికి చెందినది కాదు. బౌద్ధ జాతక కథల్లో ఉన్నది. నాగార్జునకొండ శిల్పాల్లో కనిపిస్తుంది. సూరత్‌లో గణనీయంగా ఉన్న జైనులు దీన్నే మేఘరథుడనే రాజు కథగా చెప్పుకుంటారు. పదహారవ తీర్థంకరుడైన శాంతినాథుని పూర్వజన్మ గాథ అది. కాపాడదలచినవాడు అందుకయ్యే మూల్యాన్ని తానే చెల్లించాలన్నది అన్ని రూపాల్లోనూ మారని సారం.

జీవదయకు సూరత్ పాత చిరునామా కూడా. 1689లో ఈ రేవు పట్టణానికి వచ్చిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, ఇక్కడ జంతువుల కోసం నడుస్తున్న వైద్యశాలను చూసి ఆశ్చర్యపోయి తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. గుజరాత్ ఊళ్లలో పక్షులకు గింజలు వేసేందుకు కట్టిన చబూతరాలు నేటికీ కనిపిస్తాయి.

పావురం వార్తను ఎలా మోస్తుంది?

వార్తాహర పావురం గురించి ఒక అపోహ ఉన్నది. ఏ చోటికి పంపితే ఆ చోటికి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి తెలిసిన దారి ఒక్కటే, ఇంటి దారి. అందుకే పావురాన్ని ముందుగా బుట్టలో పెట్టి దూరప్రాంతానికి తీసుకువెళ్తారు. అక్కడ కాలికి సందేశం కట్టి వదిలితే అది తన గూటికి తిరిగి వస్తుంది.

ఆ దారిని అది ఎలా కనిపెడుతుందన్న విషయంపై శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. సూర్యుని స్థానం, భూ అయస్కాంత క్షేత్రం, గాలిలోని వాసనలు, నేల మీది గుర్తులు అన్నీ దానికి తోడ్పడతాయని ఇంతవరకు జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి.

మన దేశంలో పావురాల పెంపకానికి రాజాదరణ కూడా లభించింది. 1573లో సూరత్ కోటను జయించిన అక్బరు పాదుషాకు పావురాలంటే మక్కువ. ఆయన కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో నమోదు చేశాడు. మకాం మారినప్పుడు వాటిని కూడా వెంట తీసుకువెళ్లేవారు.

పందెపు పావురం గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో ఎగరగలదు. పెరిగ్రిన్ ఫాల్కన్ అని పక్షిశాస్త్రజ్ఞులు పిలిచే బైరి డేగ ఎత్తు నుంచి రెక్కలు ముడిచి దూకినప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఊళ్లలో మనకు తరచుగా కనిపించే చిన్నదైన జాలె డేగ పద్ధతి వేరు. అది చెట్టు చాటునో గోడ చాటునో పొంచి ఉండి హఠాత్తుగా మీద పడుతుంది.

గుంపులో ఉన్న పావురానికి కొంత రక్షణ ఉంటుంది. అన్నీ ఒక్కసారిగా మలుపు తిరిగితే డేగకు గురి కుదరదు. సందేశం మోసే పావురానికి ఆ రక్షణ లేదు. ఇంటి దిక్కుగా తిన్నగా, తరచుగా ఒంటరిగా ఎగరడమే దాని పని. యుద్ధకాలంలో డేగ ఒక్కసారిగా ‘శత్రువు’గా మారడానికి కారణం ఇదే.

యుద్ధం డేగకు విధించిన శిక్ష

1870 సెప్టెంబరులో ప్రష్యా సేనలు పారిస్ నగరాన్ని ముట్టడించాయి. తంతి తీగలు తెగిపోయాయి. నగరవాసులు గాలిగుమ్మటాల్లో పావురాలను బయటకు పంపారు. వాటి కాళ్లకు కాక తోక ఈకలకు, సూక్ష్మ ఛాయాచిత్రాలుగా కుదించిన వేలాది లేఖలను కట్టి బయటివారు తిరిగి పంపేవారు. ముట్టడి కాలంలో వదిలిన మూడు వందలకు పైగా పావురాల్లో నగరానికి చేరినవి దాదాపు ఐదోవంతు మాత్రమే. చలి, పొగమంచు, తుపాకులు, డేగలు అన్నీ వాటికి అడ్డుపడ్డాయి. అందుకే ఒకే లేఖను మళ్లీ మళ్లీ అనేక పావురాలతో పంపేవారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది మంది భారతీయ సైనికులు పాల్గొన్నారు. ఆ యుద్ధ నేపథ్యంలో కలకత్తా పావురం ఒకటి ఫ్రాన్స్ రణరంగానికి వెళ్లి వచ్చిన కథను ధనగోపాల్ ముఖర్జీ ‘గే-నెక్’ అనే పేరుతో 1927లో పిల్లల కోసం రాశారు. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి అమెరికాలో న్యూబరీ పతకం లభించింది. అందులో డేగ భయమూ ఉన్నది, యుద్ధభయమూ ఉన్నది. అయితే పక్షి మనసును లోతుగా గాయపరిచినది యుద్ధమే.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్‌లో పౌరులు పెంచుకునే పావురాలను సైతం సైన్యం వాడుకున్నది. బాంబరు విమానాల్లో పావురాలను వెంట తీసుకువెళ్లేవారు. 1942 ఫిబ్రవరిలో ఒక విమానం ఉత్తర సముద్రంలో కూలిపోయింది. అందులోని ‘వింకీ’ అనే పావురం దాదాపు 190 కిలోమీటర్లు ఎగిరి, నూనెలో తడిసిన రెక్కలతో ఇల్లు చేరింది. దాని కాలికి ఏ సందేశమూ లేదు. విమానం కూలిన సమయానికీ పావురం చేరిన సమయానికీ మధ్య వ్యవధిని బట్టి అధికారులు ప్రమాదస్థలాన్ని అంచనా వేశారు. నలుగురు సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఒక పావురం నలుగురి ప్రాణాలు నిలుపుతున్నప్పుడు దాన్ని ఎత్తుకుపోయే డేగ మీద ఆగ్రహం కలగడం అర్థం చేసుకోదగినదే. ఆ ఆగ్రహానికి 1940లోనే చట్టరూపం వచ్చింది. బైరి డేగల సంహారానికి అనుమతిస్తూ బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిసేలోగా ప్రధానంగా దక్షిణ తీరంలో దాదాపు 600 డేగలను చంపారు. గుడ్లను, పిల్లలను కూడా విడిచిపెట్టలేదు.

ఇదే యుద్ధంలో అదే ప్రభుత్వపు గూఢచారి సంస్థ మరో ప్రయోగం చేసింది. శత్రువుల పావురాలను పట్టేందుకు శిక్షణ పొందిన డేగలను రంగంలోకి దింపింది. వాటికి ఒక్క శత్రు పావురమూ చిక్కలేదు. డేగకు మిత్రపక్షమూ శత్రుపక్షమూ ఉండవు. దానికి ఉన్నది ఆకలి ఒక్కటే. ఒక చేత్తో డేగను చంపుతూ, మరొక చేత్తో దాన్ని సైనికుణ్ని చేయబోయింది మనిషే.

పెంపకందారుల ఫిర్యాదు బయటపెట్టిన నిజం

యుద్ధం ముగిసింది. 1954లో బ్రిటన్‌లో పక్షుల రక్షణకు చట్టం వచ్చింది. కొన్నేళ్లకు అక్కడి పందెపు పావురాల పెంపకందారులు ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. బైరి డేగలు విపరీతంగా పెరిగిపోయాయనీ, తమ పావురాలు దక్కడం లేదనీ, డేగకు ఉన్న చట్టరక్షణను తొలగించాలనీ వారు కోరారు.

నిజం తేల్చేందుకు 1961, 1962 సంవత్సరాల్లో డేగల లెక్క తీశారు. ఆ పరిశీలనకు డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు నాయకత్వం వహించారు. ఫలితం అందరినీ నివ్వెరపరిచింది. డేగలు పెరగలేదు సరికదా, వేగంగా అంతరించిపోతున్నాయి. 1963 నాటికి వాటి సంఖ్య యుద్ధానికి ముందున్న దానిలో సగానికన్నా తక్కువకు పడిపోయింది.

కారణం పొలాల్లో చల్లిన డీడీటీ వంటి పురుగుమందులు. విషం తగిలిన గింజలను పావురాలూ ఇతర పక్షులూ తిన్నాయి. వాటిని డేగలు తిన్నాయి. విషం మెట్టు మెట్టుకూ చిక్కబడింది. డేగ గుడ్ల పెంకులు పలుచబడి, పొదిగేటప్పుడు తల్లి బరువుకే పగిలిపోయాయి. పెంకుల మందం తగ్గిన సంగతిని 1967లో రాట్‌క్లిఫ్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పర్యావరణ చరిత్రలో ఒక ముఖ్యమైన హెచ్చరిక ఆ విధంగా పావురాల పెంపకందారుల ఫిర్యాదు నుంచి పుట్టింది. వారి నష్టం నిజమే కావచ్చు. వారు చూపిన దోషి మాత్రం తానే చావు అంచున ఉన్నది.

తర్వాతి కాలంలో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాల్లోనూ, తిరిగిరాని పావురాల్లో అధిక భాగం దారి తప్పడం, అలసట, తీగలకూ గోడలకూ తగలడం వంటి కారణాల వల్లనే పోతున్నట్టు తేలింది. డేగలు తీసుకుపోయేవి వాటిలో కొంత భాగం మాత్రమే.

అయినా కోపం చల్లారలేదు. 2007లో అమెరికాలో పావురాల సంఘాలకు చెందిన కొందరిపై డేగలను చంపారన్న అభియోగాలతో కేసులు నమోదయ్యాయి. వారు పెంచే జాతి పావురాలు గాలిలో పిల్లిమొగ్గలు వేస్తూ కిందికి జారుతాయి. మనిషికి అది వినోదం. డేగ కంటికి మాత్రం గాయపడిన పక్షి. డేగను రమ్మని పిలిచినది ఆ క్రీడే.

కటక్ పోలీసులు ఎంచుకున్న దారి

డేగతో తగవును చంపకుండా తీర్చుకున్న ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. సూరత్ మరమగ్గాల్లో తెలుగు కార్మికుల పక్కనే గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒడియా కార్మికులు వేల సంఖ్యలో పనిచేస్తారు. వారి రాష్ట్ర పోలీసులు అర్ధశతాబ్దికి పైగా పావురాల టపా నడిపారు.

యుద్ధం ముగిసిన తరువాత 1946లో సైన్యం తన పావురాల్లో సుమారు 200 పక్షులను ఒడిశా పోలీసులకు అప్పగించింది. తెలుగువారు కూడా గణనీయంగా నివసించే కోరాపుట్ జిల్లాలో ఈ సేవ మొదలైంది. దారులు, తంతి తీగలు లేని కొండప్రాంతాల ఠాణాలకు అది వరమైంది. తర్వాత కటక్ నగరం దానికి కేంద్రమైంది. ఉల్లిపొర వంటి పలుచని కాగితంపై సందేశం రాసి, చిన్న గొట్టంలో పెట్టి పావురం కాలికి కట్టేవారు. బెల్జియన్ హోమర్ జాతికి చెందిన ఆ పక్షుల్లో కొన్నింటికి ఒకచోట తిండి, మరొకచోట గూడు అలవాటు చేసి, రాకపోకలు రెండూ సాగించేలా శిక్షణ ఇచ్చారు.

1948 ఏప్రిల్ 13న సంబల్‌పూర్‌లో ఉన్న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, కటక్‌లో జరగబోయే తన బహిరంగసభ ఏర్పాట్ల గురించి పంపిన సూచన పావురం ద్వారానే చేరింది. 1982లో వరదలకు బాంకీ పట్టణం చుట్టూ నీరు చేరినప్పుడు, 1999 పెను తుపానులో సమాచార వ్యవస్థ కుప్పకూలినప్పుడు ఈ పావురాలే పనికివచ్చాయి.

కొండల మీదుగా ఎగిరే ఈ పావురాలకు డేగల బెడద సహజం. దానికి పోలీసులు పాటించిన పద్ధతి సరళమైనది. ఒకే సందేశాన్ని రెండు పావురాలతో పంపేవారు. ఒకటి డేగ పాలైనా రెండవది గూటికి చేరుతుంది. అంటే డేగకు చెందవలసిన వాటాను ముందే లెక్కలో వేసుకొని, ఆ ఖర్చును సేవ నడిపేవారే భరించారు.

దూరసంచార సాధనాలు విస్తరించడంతో ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో ఆ సేవకు తెరపడింది. అయినా కటక్‌లో ఆ సంతతి పావురాలను నేటికీ పోషిస్తున్నారు. జాతీయ పర్వదినాల్లో వాటిని ఎగురవేస్తున్నారు.

సూరత్ ఆకాశంలో ఇప్పుడేమి జరుగుతున్నది?

నేటి పావురం మోయవలసిన సందేశమేదీ లేదు. అయినా నగరాల్లో వాటి సంఖ్య బాగా పెరిగింది. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం 2000 సంవత్సరం నుంచి దేశంలో పావురాల సంఖ్య 150 శాతానికి పైగా పెరిగింది. పుష్కలంగా దొరికే గింజలు, గూళ్లకు అనువైన భవనాలు అందుకు దోహదం చేస్తున్నాయి. అదే నివేదిక వేట పక్షుల్లో అనేక జాతులు తగ్గిపోతున్నాయని హెచ్చరించింది. ఆహారం ఉన్నచోటికి డేగ రావడం సహజం. శీతాకాలంలో ఉత్తరదేశాల నుంచి వలస వచ్చే బైరి డేగలు కూడా గుజరాత్‌లో కనిపిస్తాయి. నగరం గింజలు వేసి పావురాలను పెంచుతున్నది. ఆ పావురాలు డేగను రప్పిస్తున్నాయి.

ఈ వలస కాలంలోనే ఉత్తరాయణ్ వస్తుంది. సూరత్ మాంజా గుజరాత్ అంతటా పేరున్న సరుకు. గాజుపొడి, రంగు, జిగురు కలిపి దారానికి పట్టిస్తారు. గాలిలో బిగుసుకున్న ఆ దారం రెక్క కండరాన్ని ఎముక దాకా కోస్తుంది. ఆ కోతకు పావురమూ ఒక్కటే, గద్దా ఒక్కటే. పండుగనాడు పక్షుల చికిత్సా శిబిరాలకు వచ్చేవాటిలో పావురాలే ఎక్కువ. వాటి పక్కన గద్దలు, కంకణాలు, కొంగలు కూడా ఉంటాయి. వేటాడేదీ, వేటకు గురయ్యేదీ ఒకే బల్ల మీద కుట్లు వేయించుకుంటాయి.

ఈ నష్టాన్ని తగ్గించేందుకు గుజరాత్ ప్రభుత్వం 2017 నుంచి జనవరిలో ‘కరుణా అభియాన్’ నిర్వహిస్తున్నది. స్వచ్ఛంద సంస్థలు, పశువైద్యులు, అటవీ సిబ్బంది కలిసి గాయపడిన పక్షులను చికిత్సాకేంద్రాలకు చేరుస్తారు. పశుపక్ష్యాదుల అత్యవసర వైద్యానికి 1962 నంబరు పనిచేస్తున్నది. నైలాన్ మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. పక్షులు గూళ్లు విడిచే ఉదయం వేళ, తిరిగి చేరే సాయంత్రం వేళ గాలిపటాలు ఎగురవేయవద్దని అధికారులు ఏటా విజ్ఞప్తి చేస్తున్నారు.

పెంపకందారు ఏమి చేయవచ్చు?

మొదట చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బైరి డేగ అత్యున్నత రక్షణ గల మొదటి షెడ్యూల్‌లో ఉన్నది. ఆ షెడ్యూల్‌లోని ప్రాణిని చంపినా, పట్టుకున్నా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. డేగకు వల పన్నడం, ఎరలో విషం పెట్టడం, గూటిలోని గుడ్లు తీయడం అన్నీ నేరాలే. విషం పెట్టిన ఎర డేగతో ఆగదు. పిల్లి తింటుంది, కాకి తింటుంది.

ఇక జాగ్రత్తల సంగతి. రోజూ ఒకే వేళకు పావురాలను వదిలితే డేగ ఆ వేళను నేర్చుకుంటుంది. వేళలు మార్చడం మేలు. డేగ కనిపించిన రోజున పిల్ల పావురాలను, జబ్బుపడినవాటిని వదలకూడదు. అనుభవం గల పక్షులను గుంపుగా వదలాలి. గూటి ముందు ఎగిరేందుకు వల కప్పిన ఆవరణ ఉంటే పక్షికి గాలీ వెలుతురూ దక్కుతాయి, ప్రమాదమూ తగ్గుతుంది. చీకటి పడకముందే అన్నీ లోపలికి చేరేలా అలవాటు చేయాలి. ఉత్తరాయణ్ రోజుల్లో అసలు వదలకపోవడమే ఉత్తమం. ఆ వారం గూట్లో ఉంచినందువల్ల పావురానికి వచ్చే నష్టం లేదు.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా ఏడాదిలో ఒకటో రెండో పావురాలు డేగకు పోవచ్చు. గింజలు తినిపించి, పేరు పెట్టి పిలిచి పెంచినవాడికి అది చిన్న బాధ కాదు. ఆ బాధను కాదనవలసిన పని లేదు. శిబి చక్రవర్తి కూడా నొప్పి లేకుండా మాంసం కోసి ఇవ్వలేదు. అయితే ఆ నష్టంలో డేగ వాటా ఎంత, మన దారాలూ తీగలూ పురుగుమందుల వాటా ఎంత అని ఒకసారి లెక్క చూసుకోవడం అవసరం. 1961లో ఆ లెక్క తీసినందువల్లనే డేగ బతికింది.

పండుగ మరునాడు సూరత్ చెట్ల కొమ్మలకూ విద్యుత్ తీగలకూ మాంజా పోగులు వేలాడుతుంటాయి. వాటికి చిక్కిన పక్షులు ఆ తర్వాత చాలా రోజుల దాకా చనిపోతూనే ఉంటాయి. మేడ దిగేముందు తెగిన దారాన్ని ఏరి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేయడానికి పట్టేది పది నిమిషాలు. పావురాల పెంపకందారుకైనా, గాలిపటం ఎగురవేసిన పిల్లవాడికైనా చేతిలో ఉన్న పని అది.